జంజీర్ తెగిన దొర గడియారం: ఒక మరమ్మతు డైరీ

ఫిబ్రవరి 8

మధ్యాహ్నం కాజీపేట నుంచి మామ వచ్చిండు. కూర్చోకముందే జేబులకెల్లి చిన్న గుడ్డ మూట తీసి కౌంటర్ మీద పెట్టిండు. "నీ కాడ మైక్రోస్కోపు ఉన్నది గదరా, తాత గడియారం జర చూడు."

నాది హనుమకొండ చౌరస్తా దగ్గర మొబైల్ రిపేర్ షాపు. డిస్‌ప్లేలు, చార్జింగ్ పోర్టులు, నీళ్లల్ల పడ్డ ఫోన్లు, ఇదే నా లోకం. గడియారాలల్ల నాకు తెల్సింది సెల్లు మార్చుడొక్కటే. కాని మూట విప్పినంక ఇగ ఆ పూట షాపుల ఇంకో పని సాగలే.

అరచెయ్యి నిండేంత వెండి జేబు గడియారం. తెల్లటి పింగాణి డయల్, రోమన్ అంకెలు, ఆరు కాడ బుడ్డ సెకన్ల డయల్. వెనుక మూత కబ్జా ఊడి వేరే వచ్చింది. (వరంగల్‌ల కబ్జా అంటే అందరికీ భూములే యాదికొస్తయ్. ఇది మూత తిరిగే కబ్జా.) డయల్ మీద ఒక మనిషి పేరు, దాని కింద లివర్‌పూల్ అని ఊరి పేరు.

ఇంట్ల దీన్ని దొర గడియారం అంటరు. తాత కాజీపేట రైల్వేల పాయింట్స్‌మన్, అంటే పట్టాలు మార్చేటోడు. ఊరిడిసి పోతున్న ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ ఒకాయన తాతకు ఇచ్చి పోయిండని ఒక కథ. రైల్వే వాళ్లే బహుమానంగా ఇచ్చిన్రని ఇంకో కథ. వినేటోన్ని బట్టి మామ రెండూ చెప్తడు. పదేండ్ల కింద చాబీ ఇస్తుంటే లోపట టక్కుమన్నదట, అప్పటి సంది అది మూటలనే ఉన్నది.

పోయేటప్పుడు మామ అడిగిన ముచ్చట ఒక్కటే: "గని దీన్ని ఎవలు చేసిన్రురా?"

డయల్ మీదున్న పేరు చూపిచ్చిన. తలకాయ ఊపిండు. నేను గూడ అప్పటికి అదే జవాబనుకున్న.

ఫిబ్రవరి 10

రాత్రి షట్టర్ సగం దించి కూర్చున్న. ముందు అద్దం మూత లేపితే ఆరు కాడ చిన్న మీట ఉన్నది. గోరుతోటి నొక్కితే మిషిన్ మొత్తం పన్నెండు కాడి కబ్జా మీద తలుపు లెక్క బయటికి తిరిగింది. పైన గుండ్రటి ఇత్తడి రేకు, దానికి బంగారు పూత. అటు ఇటు ఊగే బ్యాలెన్స్ చక్రం మీద జాలి తీరు చెక్కిన మూత. ఎవ్వరికీ కనబడని జాగల ఇంత నగిషీ ఎందుకు చెక్కిన్రో!

రెండు రేకుల నడిమిట్ల చుట్టలు చుట్టుకోని ఒక సన్నటి తీగ. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే అది తీగ కాదు, సైకిల్ చైన్. నిజంగ అదే తయారీ: లంకెలు, రివెట్లు, రెండు కొసలకు రెండు కొక్కేలు. తెగి పడున్నది.

రెండు రోజులు చదివి అర్థం చేసుకున్నదాన్ని ఇక్కడ రాసిపెట్టుకుంటున్న. స్ప్రింగుకు నిండ చాబీ ఇచ్చినప్పుడు బలం ఎక్కువ, విప్పుకుంటపోతే బలం తగ్గుతది. ఆ బలం ఉన్నదున్నట్టు చక్రాలకు పోతే గడియారం పొద్దుగాల ఉరుకుతది, రాత్రి ఈడ్చుకుంటది. అందుకని స్ప్రింగు డబ్బాకు పక్కన గోపురం లెక్క ఒక శంకువు పెట్టిన్రు. దాని పేరు ఫ్యూజీ. దాని మీద మెలికలు తిరిగిన గాడి, ఆ గాడిల ఈ చైన్, అంటే జంజీర్. స్ప్రింగు బలంగున్నప్పుడు జంజీర్ గోపురం సన్నటి కొసను గుంజుతది. బలం తగ్గుకుంట వచ్చే కొద్ది వెడల్పు భాగం మీదికి దిగుతది. గేర్ల సైకిల్ తొక్కినోళ్లకు ఇంతకంటే చెప్పనక్కర లేదు. ఎటు చూసినా చక్రాలకు అందే బలం ఒక్క తీరుగుంటది.

ఇంకోటి గూడ తెల్సింది. ఇసొంటి ఇంగ్లీషు గడియారాలకు వెనుక నుంచి చాబీ ఎక్కువగా ఎడమకు తిప్పాలె. మన చెయ్యి అలవాటుగ కుడికే పోతది.

ఫిబ్రవరి 15

యూట్యూబ్ చూసి స్క్రూ డ్రైవర్ పట్టుకునే ధైర్యం రాలే. జేపీఎన్ రోడ్డుల ఒక చిన్న డబ్బాల గడియారాలు బాగుచేసే చాచా ఉంటడు. చిన్నప్పుడు బాపు హెచ్ఎంటీ గడియారం ఆయన తానికే తీసుకపోయేటోడు. ఇప్పుడు పొద్దంత సెల్లులు, బెల్టులు మార్చుడే పని. కన్ను మీద ఐ గ్లాస్ పెట్టుకోని రెండు నిమిషాలు చూసిండు. మాట లేదు. ఆఖరికి అన్నడు, "జంజీర్‌వాలా. మా అబ్బా చేస్తుండె ఇసొంటియి. నేను ముప్పై ఏండ్లల్ల మూడో, నాలుగో చూసిన."

"నువ్వు చేస్తవా చాచా?"

"చేతులు వణుకుతున్నయ్ బేటా. చెయ్యి నీది, కన్ను నాది."

ఒప్పందం కుదిరింది. ప్రతి ఆదివారం పొద్దుగాల చాచా డబ్బాల. నా మైక్రోస్కోపు అక్కడికి మోసుకపోవాలె. చాయ్ పైసలు నావి.

ఫిబ్రవరి 22

పూర్తిగ విప్పినం. ముల్లులు తీసి, డయల్ వెనుక పిన్నులు గుంజి, డయల్ లేపంగనే రేకు మీద రెండు ముద్రలు కనబడ్డయ్. ఒకటి జె.డబ్ల్యు. అన్న అక్షరాలు, ఇంకోటి 14 అన్న అంకె. డయల్ మీది పేరుకు ఈ అక్షరాలకు సంబంధమే లేదు.

మామ అడిగిన ముచ్చటకు జవాబు ఇక్కడనే తారుమారైంది.

లివర్‌పూల్‌కు దగ్గరల ప్రెస్కాట్ అని ఒక చిన్న ఊరు ఉన్నది. ఇంగ్లండ్ గడియారాలకు అస్థిపంజరం ఎక్కువగ అక్కడనే తయారయ్యేది. అక్కడా, చుట్టుపక్కల పల్లెల్లా ఇండ్లల్లనే కూర్చోని ఒకరు చక్రాలు, ఒకరు పినియన్లు (బుడ్డ పళ్ల చక్రాలు), ఒకరు స్తంభాలు, ఒకరు ఫ్యూజీలు చేసేటోళ్లు. అన్నీ కూడగడితే రఫ్ మూవ్‌మెంట్ అయితది. అది నడవదు, దానికి డయల్ ఉండదు, చక్రాల ఇరుసులు తిరిగే రాళ్లుండవు. అక్కడి నుంచి అది లివర్‌పూల్‌కో, కొవెంట్రీకో, లండన్‌ల క్లర్కెన్‌వెల్‌కో పోతది. అక్కడ ఎస్కేప్‌మెంట్ (బలాన్ని ఒక్కో టిక్కుగ వదిలే భాగం) పెట్టేటోడు వేరు, రాళ్లు కూర్చేటోడు వేరు, బంగారు పూత వేసేటోడు వేరు, మూత చెక్కేటోడు వేరు, డయల్ కాల్చేటోడు వేరు. అందరి చేతులూ దాటినంక దుకాణందారు తన పేరు రాయించుకుంటడు. అంటే డయల్ మీదాయన అమ్మిండు, అంతే. మన తాన గూడ బట్ట మీద షాపు పేరే ఉంటది గని నేసినోని పేరుంటదా?

జె.డబ్ల్యు. అంటే జాన్ వైచర్లీ. అప్పటిదాక చేతితోటి అయ్యే రఫ్ మూవ్‌మెంట్లను ప్రెస్కాట్‌ల మిషిన్లు పెట్టి ఒక్క కొలతల చేయించుడు మొదలుపెట్టినాయన. 14 అన్నది ల్యాంకషైర్ గేజ్ సైజు. దాని లెక్క విచిత్రం: ఒక అంగుళం, దానికి అంగుళంల 30 భాగాలల్ల 5, ఆ మీద సైజు అంకె ఎంతుంటే అన్ని 30వ భాగాలు. 14 కాబట్టి ఒక అంగుళం మీద 19 భాగాలు. వెర్నియర్ పెట్టి చూసిన: 41.5 మి.మీ. కరెక్టుగ వచ్చింది. నూరేండ్ల కిందటి లెక్క నా డిజిటల్ వెర్నియర్‌కు సరిపోయిన ఆ నిమిషం నాకైతే మస్తు ఖుషీ అయింది. చాచాకు ఏమనిపియ్యలే. "సరిపోకపోతే గద ఆశ్చర్యం" అన్నడు.

ఆ ప్రెస్కాట్ గతి గూడ చదివిన. అమెరికాల వాల్తమ్ లాంటి ఫ్యాక్టరీలు గడియారాలను ఈ కొస నుంచి ఆ కొస దాక మిషిన్ల మీద చేసుడు షురూ చేసినంక ఈ ఇంటి పని నిలవలే. 1889ల ప్రెస్కాట్‌లనే ల్యాంకషైర్ వాచ్ కంపెనీ అని పెద్ద ఫ్యాక్టరీ పెట్టిన్రు. 1911ల అది గూడ మూతపడ్డది.

చాచా పెట్టెల వాళ్ల అబ్బా ఆకురాయి ఒకటున్నది. చెక్క పిడి నల్లబడ్డది. పిడి తీసి చూపిస్తే ఉక్కు మీద పి.ఎస్. అని, పక్కన స్టబ్స్ అని ముద్ర. పీటర్ స్టబ్స్ ఆకురాళ్లు చేసింది వారింగ్టన్‌ల, అది గూడ ఆ ల్యాంకషైర్ ఇలాకనే. గడియారం కంటే ముందే దాని పనిముట్టు జేపీఎన్ రోడ్డుకు వచ్చి కూర్చున్నదన్నట్టు.

మార్చి 1

ఈ వారం మిషిన్ ముట్టుకోలే. డబ్బాను, అంటే గడియారం వెండి తొడుగును చూసినం.

వెనుక మూత లోపట మూడు గోధుమ పనల నడుమ కత్తి ఉన్న ముద్ర. అది వెండి స్వచ్ఛత చూసే చెస్టర్ పరీక్ష కార్యాలయం గుర్తు. లివర్‌పూల్ వెండి డబ్బాలు ఎక్కువగ అక్కడికే పోయేటియి. పక్కన సింహం, అంటే 92.5 శాతం వెండి. సంవత్సరం చెప్పే అక్షరం సగం అరిగింది, ఉన్న సగాన్ని బట్టి 1880 దశకం మొదట్లది. రైల్వే గుర్తు ఒక్కటి గూడ లేదు. నిజాం రైల్వే బెజవాడ దాక పోయింది 1889ల, బల్లార్షా లైను కలిసి కాజీపేట జంక్షన్ అయింది 1929ల. తాత నౌకరికే కాదు, బెజవాడ రైలుకే ఇది పెద్దన్న. బహుమానం కథ ఇగ నడవదు. మామకు ఫోన్ చేసి చెప్తే, "సరే, డ్రైవర్ కథనే ఉంచుదాం" అన్నడు.

అసలు సంగతి ముద్రల పక్కన ఉన్నది. సూదితోటి గీకినట్టు సన్నటి రాతలు. గడియారం బాగుచేసినోళ్లు మూత లోపట తమ గుర్తు గీసుకునుడు పాత అలవాటని చాచా చెప్పిండు. మళ్లొస్తే నేను చేసిందే అని తెలవాలె కద. మొత్తం ఐదు రాతలు. మూడు ఇంగ్లీషు అంకెలు, ఒకటి అర్థంగాని గీత. ఐదోది ఉర్దూ. చాచా గడియారాన్ని దీపం కింద అటు ఇటు తిప్పి చదివిండు: "తీర్, 1347."

నేను వెంటనే హిజ్రీ అనుకోని లెక్కేసిన, 1928–29 వచ్చింది. చాచా తలకాయ అడ్డం ఊపిండు. హిజ్రీల తీర్ అనే నెల లేదు. ఆజర్, దై, బహమన్ అని పోయేటియి ఫస్లీ నెలలు, నిజాం సర్కారు కాగితాలన్నీ ఆ లెక్కలనే. ఆ సంగతి భూమి కాగితాలు తిరగేసిన మామకు గూడ తెల్సు. ఫోన్‌లనే చెప్పిండు, "590 కలుపురా." హైదరాబాద్ ఫస్లీ సంవత్సరం ఆజర్‌తోటి అక్టోబర్‌ల మొదలైతది. 1347 అంటే 1937 అక్టోబర్ నుంచి 1938 అక్టోబర్ దాక. తీర్ ఎనిమిదో నెల. అంటే 1938 మే.

వరంగల్‌ల ఆజంజాహీ బట్టల మిల్లు పెట్టి అప్పటికి నాలుగేండ్లు. మా అమ్మమ్మకు టైం అంటే మిల్లు కూతనే, గడియారం అక్కర లేకుండె. ఆ ఎండల ఎవరో ఒక ఉస్తాద్ ఈ మూత తెరిచి, పని చేసి, నెల రాసిండు. పేరు రాయలే.

మార్చి 8

ఇయ్యాల నా తెలివి తక్కువ పని ఒకటి రాయాలె.

విప్పిన సామాన్లను చాచా పెట్రోల్‌ల కడుగుతా అన్నడు. నేనేమో నా అల్ట్రాసోనిక్ మిషిన్, నా ఐపీఏ (ఒక తీరు స్పిరిట్) అని గొప్పకు పోయిన. ఫోన్ బోర్డులన్నీ ఐపీఏతోనే కడుగుతం, మరక ఉండదు, లగెత్తి ఆరుతది. చాచా చాయ్‌కి పోయిండు. నేను బ్యాలెన్స్ చక్రాన్ని గిన్నెల ఏసి, మిషిన్‌ల పెట్టకపోయినా, పది నిమిషాలు నాననిచ్చిన.

తీసి చూస్తే చక్రం కింద ఉండే రూబీ పిన్ లేదు. లీవర్‌ను అటు ఇటు తన్నేది అదే. అది లేకుంటే మొత్తం గడియారం ఉత్త ఇత్తడి. ఆ పిన్ను పట్టి ఉంచేది లక్క. స్పిరిట్ తగిలితే లక్క కరుగుతది. వడ్రంగులు పాలిష్ చేసేది అదే లక్కను స్పిరిట్‌ల కరిగించే కద, నాకు తట్టలే.

చాచా వచ్చి గిన్నెల చూసి ఏమనలే. ఏమనకపోతేనే ఎక్కువ బాధైంది. రాయి కాబట్టి అయస్కాంతానికి రాదు. గిన్నె అడుగున ఉన్న ఐపీఏను తెల్ల గుడ్డల వడగట్టి, గుడ్డను మైక్రోస్కోపు కింద పరిచి, ముప్పావు గంట వెతికిన. ఎర్రటి గింజ, నువ్వులల్ల పదో వంతు గూడ ఉండదు. దొరికింది.

మళ్ల అతికించింది చాచానే. లాడ్ బజార్ గాజులకు వాడే లక్క కాదు గని దాని బంధువే, శుద్ధి చేసిన లక్క బిళ్ల. దాంట్ల నుంచి వెంట్రుకంత తీగ సాగదీసి, ఇత్తడి రేకు మీద చక్రం పెట్టి, కింద స్పిరిట్ దీపం. లక్క తేనె రంగుకు తిరిగి పిన్ చుట్టూ పారంగనే దీపం తీసేసిండు. చేతులు వణుకుతయ్ అన్న మనిషికి ఆ అర నిమిషం ఒక్క వేలు కదలలే. "ఆ దొరలు గూడ మన లక్కనే వాడిన్రు. అడవిల పుట్టింది ఇక్కడ, పోయి అక్కడ రాయికి అతుక్కున్నది" అన్నడు. మిగిలిన సామాన్లన్నీ పెట్రోల్‌లనే కడిగినం. రేకులను బ్రష్షుతోటి మెల్లగ, అంతే. పాలిష్ పౌడర్ ముట్టనియ్యలే. ఆ బంగారు పూత పాదరసంల బంగారం కలిపి పూసి, నిప్పు మీద పాదరసాన్ని ఆవిరి చేసి తెచ్చింది. ఆ పొగ పీల్చినోళ్ల ఆరోగ్యం ఖరాబైంది. అంత ఖరీదు పెట్టిన పూతను నేను రుద్ది తీసేసుడేంది?

మార్చి 15 – ఏప్రిల్ 5: జంజీర్

నాలుగు ఆదివారాలు ఒక్క జంజీర్‌కే పోయినయ్.

ముందు కొలతలు. పొడుగు 15 సెం.మీ. ఒక సెంటీమీటరుల 14 రివెట్లు. అంటే మొత్తం దగ్గరదగ్గర 210 రివెట్లు, 300కు పైన రేకులు. ఒక్కో రేకు ఎనిమిది అంకె ఆకారంల ఉంటది, రెండు తొర్రలు. నడుమ ఒక రేకు, దానికి అటొకటి ఇటొకటి. సైకిల్ చైన్ లెక్కనే, గని మొత్తం మందం గోరంత గూడ ఉండదు. 500 ముక్కల వస్తువు, గడియారంల మిగిలిన సామానంతా కలిపినా ఇన్ని ముక్కలు లేవు.

ఇంగ్లండ్ దక్షిణం దిక్కు క్రైస్ట్‌చర్చ్ అనే ఊరు ఈ పనికి పేరు. రాబర్ట్ కాక్స్ అనేటాయన 18వ శతాబ్దం చివర అక్కడ జంజీర్ల కార్ఖానా పెట్టిండు. పని చేసింది ఆడోళ్లు, పిల్లలు. బీదలను ఉంచే సర్కారు ఆశ్రమంల చిన్నపిల్లల తోటి గూడ చేయించిన్రు. పంచ్ తోటి రేకు గుద్దాలె, తొర్రలు కలపాలె, రివెట్ దింపాలె, సుత్తితోటి కొట్టాలె, అంతా కిటికీ వెలుతురుల, ఉత్త కండ్లతోటి. నాకు 40 రెట్లు పెద్దగ చూపే మైక్రోస్కోపు, దానికి రింగు లైటు. అయినా గంటకే కండ్లల్ల నీళ్లు.

తెగిన జాగ ఫ్యూజీ దిక్కు కొస నుంచి రెండు అంగుళాల లోపట. విరిగిన లంకెను తీసేసి, రెండు దిక్కుల మంచి లంకెలను ఒకదాంట్లొకటి దూర్చి కొత్త రివెట్ కొట్టాలె. చెప్తే ఒక్క వాక్యం.

మొదటి ఆదివారం పాత రివెట్లు తీయడానికే పట్టింది. ఇత్తడి దిమ్మల సన్న తొర్ర పొడిచి, దాని మీద లంకె పెట్టి, కుట్టు సూది కొసను అరగదీసి చేసిన పంచ్ తోటి దింపిన. రెండు పంచులు విరిగినయ్.

రెండో ఆదివారం కొత్త రివెట్. కుట్టు సూదే ముడిసరుకు. సూది గట్టిది, కొడితే పగులుతది. దీపం మీద నీలం రంగు వచ్చేదాక వేడి చేస్తే జర సాగే గుణం వస్తది. పిన్ వైస్‌ల పట్టి తిప్పుకుంట చాచా ఆకురాయితోటి, ఆ తర్వాత నూనె రాయితోటి పావు మిల్లీమీటరు కంటే సన్నగ తెచ్చిన. దూరింది. చిన్న సుత్తితోటి ముట్టిచ్చిన. లంకె ఎగిరి ఎటో పోయింది.

మూడో ఆదివారం నేల తుడుసుడే పని. చాచా డబ్బా అంత శుభ్రంగ ఎప్పుడూ లేదని పక్క బెల్టుల దుకాణం అన్న నవ్విండు.

నాలుగో ఆదివారం రివెట్ కూర్చున్నది. మరీ గట్టిగ కొట్టిన్నేమో, లంకె కదలకుండ బిగుసుకుపోయింది. నూనె ఏసి అటు ఇటు ఆడిస్తే వదులైంది. రెండు దిక్కుల తలలను రేకుకు సమానంగ అరగదీసినం, లేకుంటే ఫ్యూజీ గాడిల గీసుకుంటది. పని అయినంక జంజీర్‌ను మొత్తం మైక్రోస్కోపు కింద ఈ కొస నుంచి ఆ కొసకు జరుపుకుంట చూస్తుంటే, స్ప్రింగు డబ్బా దిక్కు కొక్కెం దగ్గర మూడు లంకెలు వేరే తీరుగ కనబడ్డయ్. ఉక్కు రంగు జర తేడా. రివెట్ తలలు గుండ్రంగ, అన్నీ ఒక్క సైజుల. ఇంతకు ముందే ఎవరో ఇక్కడ అతికిన్రు. నా రివెట్‌కు వాటికి పోలికే లేదు. నాది కంకర రాయి లెక్క, అవి ముత్యాలు.

తీర్ నెల ఉస్తాదే అయ్యుంటడని నా మనసుకు. చాచా ఆ మూడు లంకెలను ఐ గ్లాస్‌ల చానాసేపు చూసి, "ఇగో, ఇది పని" అన్నడు. నా రివెట్ గురించి ఏమనలే.

ఏప్రిల్ 12

కలుపుడు. చక్రాలన్నిటి కొసలు ఒక్కసారి తొర్రలల్ల కూర్చోవాలె, పై రేకు అప్పుడే దిగుతది. మూడు గంటలు. నూనె విషయంల ఒక్కటే గొడవ: చాచా తన పాత సీసా, నేను మోబియస్ 9010. బ్యాలెన్స్ రాళ్లకు నాది, మిగిలిన వాటికి ఆయనది.

జంజీర్ ఎక్కిచ్చేది ఉల్టా వ్యవహారం. ముందు మొత్తం స్ప్రింగు డబ్బా మీద చుట్టాలె, రెండో కొక్కెం ఫ్యూజీకి తగిలించాలె, డయల్ దిక్కున్న, ఒక్క దిక్కే తిరిగే రాట్చెట్‌తోటి స్ప్రింగుకు ముప్పావు చుట్టు ముందే బిగువు ఇవ్వాలె. అప్పుడు చాబీ ఇస్తుంటే జంజీర్ గాడి గాడి గోపురమెక్కుతది. అది ఎక్కుతుంటే నేను చాబీ తిప్పుడు ఆపి ఆపి చూసిన.

తెగిన కారణం గూడ ఇప్పుడే దొరికింది. ఆఖరి చుట్టుకు వచ్చినప్పుడు జంజీర్ ఒక చిన్న చేతిని పైకి లేపుతది, ఫ్యూజీ ముక్కు దానికి తగిలి ఇగ తిరగకుండ ఆగుతది. ఆ చేతి కింది స్ప్రింగు వంగిపోయి చెయ్యి సరిగ్గ లేస్తలేదు. అందుకే మామ చాబీకి అడ్డు లేకుండె, జంజీరే తెగింది. వంపు సరిచేసినం. ఇప్పుడు ఆఖరికి గట్టిగ ఆగుతున్నది.

బ్యాలెన్స్ పెట్టంగనే తనంతట తనే కదిలింది. చాబీ ఇచ్చేటప్పుడు గూడ ఆగలే. ఫ్యూజీ లోపట ఇంకో చిన్న స్ప్రింగు అప్పుడు చక్రాలను నడిపిస్తది. సముద్రం మీద టైం చెప్పే గడియారాలు చేసిన జాన్ హారిసన్ ఉపాయం అది.

పళ్లు లెక్కపెట్టి పెట్టుకున్న: నాలుగో చక్రానికి 56, ఎస్కేప్ పినియన్‌కు 7, ఎస్కేప్ చక్రానికి 15. నిమిషానికి 240 దెబ్బలు, సెకనుకు 4. చేతి గడియారం కంటే నిదానం. టిక్‌కు టిక్‌కు నడుమ జాగ వినబడుతది.

ఏప్రిల్ 19

వెనుక మూత కబ్జా కోసం కరీంనగర్ పోయొచ్చిన. హుజూరాబాద్ మీదుగ బస్సు. ఎలగందుల నుంచి వచ్చిన వెండి తీగ పని చేసే కుటుంబంల ఒకాయనను తెల్సినోళ్లు చెప్పిన్రు. వెంట్రుకంత వెండి తీగను మెలేసి ఆకులు, పువ్వులు అల్లేటోళ్లకు గడియారం కబ్జా ఒక లెక్క కాదనుకున్న. ఆయనకు లెక్కనే అయింది. కబ్జా గొట్టాలు ఐదు, ఒక్క మిల్లీమీటరు గూడ లేవు. టాకా (వెండి అతుకు) ఏసేటప్పుడు వేడి ఎక్కువైతే పక్కన ముద్రలున్న మూత వంగుతది. మూతను తడి మట్టిల సగం పాతిపెట్టి, పైకున్న అంచుకు మాత్రమే మంట చూపిచ్చిండు.

నా భయమంత వేరే. మెరుగు పెడుతా అని లోపటి రాతలు అరగదీస్తడేమో అని రెండుసార్లు చెప్పిన. మూడోసారి చెప్పబోతే ఆయన మూతను దీపం దిక్కు తిప్పి, ఉర్దూ రాత మీద వేలు పెట్టకుండ చూపిచ్చి, "పనోడు రాసుకున్నదాన్ని తుడుస్తనా?" అన్నడు. ఇగ నోరు మూసుకున్న.

మే 3

ఇరవై రోజుల లెక్క. ఏసీ షాపుల 26 డిగ్రీల కాడ రోజుకు మూడున్నర నిమిషాలు వెనుక. ఇంటికి తీసుకపోయి అల్మారిల పెడితే, ఈ ఎండకు, ఐదున్నర నిమిషాలు వెనుక. ఖరాబు కాదు ఇది, ఉక్కు గుణం. బాల్ కమాన్, అంటే హెయిర్ స్ప్రింగు, మామూలు ఉక్కు. వేడికి మెత్తబడుతది. ఇసొంటి సాదా బ్యాలెన్స్‌కు ఒక్కో డిగ్రీకి రోజుకు పది సెకన్లకు పైన్నే తేడా వస్తది. ఖరీదు గడియారాలల్ల ఇత్తడి, ఉక్కు కలిపి కోసిన బ్యాలెన్స్ పెట్టి దీన్ని సరిచేసెటోళ్లు. మనది అంత దొర గడియారం కాదన్నట్టు. వానలు పడే లివర్‌పూల్ కోసం చేసినదాన్ని వరంగల్ మే నెలల పెడితే అదేం చేస్తది?

వేగం తగ్గించి పెంచే రెగ్యులేటర్ ముల్లును ఇంటి వేడికి సరిపోయేటట్టు జరిపిన. ఇప్పుడు ఇంట్ల రోజుకు నిమిషం లోపల తేడా.

మే 10

మూత బిగించే ముందు చాచా సూది చేతిల పెట్టిండు. నువ్వు గీయి అన్న. "చేసింది ఎవలు?" అన్నడు. పాత ఇత్తడి రేకు మీద అర్ధగంట మష్కు చేసిన. ఉర్దూ రాత కింద, జర దూరంగ, తెలుగుల రెండక్షరాలు, నెల, సంవత్సరం. నా 'వ' తలకట్టు వంకర పోయింది. సరిచేయ రాదు.

మే 17

కాజీపేట పోయి మామకు ఇచ్చిన. చెవికి పెట్టుకోని చానాసేపు విన్నడు. టైం చూడనే లేదు. డబ్బా మీద ఎడమ దిక్కు బాణం గుర్తు గీసి అతికించిన: చాబీ ఇటే. రోజూ ఒక్క టైంకే ఇయ్యమన్న. అడ్డు తగిలితే ఆపమన్న.

వెనుక మూత తీసి లోపట చూసిండు. "గీ కొత్త గీతలేంది?"

"నా గుర్తు."

"మరి డయల్ మీదాయన?"

"ఆయన అమ్మిండు మామా."

కండ్లద్దాలు తెచ్చుకోని ఆరు రాతలను వరుసగ చూసిండు. ఉర్దూ దాని కాడ ఆగి 590 కలుపుకున్నడు, పెదవులు కదిలినయ్. ఆ తర్వాత వేడి సంగతి చెప్పిన: ఇప్పుడు సరిగ్గ నడుస్తది, డిసెంబర్ చలికి రోజుకు రెండు మూడు నిమిషాలు ముందుకు ఉరుకుతది, అప్పుడు తెచ్చియ్యి, ముల్లు జరుపుతా.

"చలికాలం ఉరుకుతదా?" అని మోకాలు నిమురుకున్నడు. "నాకు ఉల్టా గదరా."